బొంగురుపోయిన గొంతు ఎవరి తప్పు?

(మహిళా ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



సభ ఏర్పాటు చేసినవాళ్ళు నన్ను 'గొంతు డాక్టరమ్మ' అని పరిచయం చేశారు. నేను డాక్టర్ని కాను, స్పీచ్ థెరపిస్టుని. మాట సరిగా రాని పిల్లలకి, గొంతు పోయిన పెద్దలకి చికిత్స చేయడం నా పని. ఇరవై ఏళ్ళకి పైగా ఇదే చేస్తున్నాను. ఇన్నేళ్ళలో గొంతు పోయి నా దగ్గరకి వచ్చిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళలో ఎక్కువమంది పంతులమ్మలే.

స్త్రీల ఉద్యమంలో మనం 'గొంతు' అనే మాటని చాలాసార్లు వాడతాం. గొంతెత్తాలంటాం, గొంతు విప్పాలంటాం, గొంతు నొక్కేస్తున్నారంటాం. కానీ నిజంగా ఒళ్ళో ఉన్న గొంతు గురించి, రోజూ పనిచేసి అరిగిపోయే గొంతు గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ. ఈ రోజు దాని గురించి మాట్లాడతాను. మొదట నేను చేసిన ఒక తప్పు చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాథమిక పాఠశాల టీచరు నా దగ్గరకి వచ్చింది. మూడు నెలలుగా గొంతు బొంగురుగా ఉందట. సాయంత్రమయ్యేసరికి మాట అసలు పైకి రావడం లేదట. ఇంట్లో అత్తగారు 'మగగొంతు పడింది' అని నవ్వుతోందట. పరీక్షలో స్వరతంత్రుల మీద కాయలు కనబడ్డాయి. నేను అందరికీ ఇచ్చే కాగితమే ఆమెకీ ఇచ్చాను. అరవకండి, నీళ్ళు బాగా తాగండి, గొంతుకి విశ్రాంతి ఇవ్వండి అని అందులో ఉంటుంది. నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. గొంతు ఏమీ బాగుపడలేదు. నేను కాస్త విసుగ్గానే, "టీచర్ గారూ, చెప్పినవి చేస్తున్నారా?" అని అడిగాను.

ఆమె ఆ బొంగురు గొంతుతోనే అంది: "మేడమ్, ఒకే గదిలో రెండు తరగతులు. పైన రేకులు. అరవకపోతే వెనక వరసకి వినబడదు. నీళ్ళు తాగమన్నారు. మా బడిలో ఉన్న ఒక్క మరుగుదొడ్డికీ తలుపు లేదు. పొద్దున్న ఇంటి దగ్గర వెళితే మళ్ళీ సాయంత్రం ఇంటికొచ్చాకే. నీళ్ళెలా తాగను?"

నా దగ్గర జవాబు లేదు. ఆ కాగితంలో నేను రాసిందంతా ఆమె ఏం చేయాలన్నదే. బడి ఏం చేయాలి, ప్రభుత్వం ఏం చేయాలి అన్నది ఒక్క ముక్క లేదు. రోగం తెచ్చుకున్నది ఆమే, తగ్గించుకోవలసిందీ ఆమే అన్నట్టుంది నా వైద్యం. అప్పటినుంచి ఈ విషయం మీద పరిశోధనలు ఏమంటున్నాయో మళ్ళీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. వాటిలో మనకి పనికొచ్చేవి మీ ముందు పెడతాను.

ఒక్క నిమిషం అందరూ చెయ్యి గొంతు మీద పెట్టుకోండి. 'స్‌స్‌స్' అనండి. చేతికి ఏమీ తెలియదు. ఇప్పుడు 'మ్‌మ్‌మ్' అనండి. గొంతు అదురుతోంది కదా! చిన్నప్పుడు వ్యాకరణంలో పరుషాలు, సరళాలు అని చదువుకున్నాం. క చ ట త ప పలికేటప్పుడు ఈ అదురు ఉండదు. గ జ డ ద బ పలికేటప్పుడు ఉంటుంది. మన ప్రాచీన ప్రాతిశాఖ్యల్లో ఈ తేడాని శ్వాసం, నాదం అని గుర్తించి రాశారు. పంతొమ్మిదో శతాబ్దంలో ఐరోపా పండితులు దాన్ని చూసి నేర్చుకున్నారు కూడా. వేదం సరిగా పలకడం కోసం పుట్టిన శాస్త్రం అది. ఆ వేదం పలికే హక్కు ఆడవాళ్ళకి లేదన్నది కూడా మన సంప్రదాయమే.

ఆ అదురు ఎలా పుడుతుంది? మన గొంతులో స్వరపేటిక ఉంది. అందులో రెండు మెత్తని మడతలున్నాయి. వాటినే స్వరతంత్రులంటాం. ఊపిరి పీల్చేటప్పుడు అవి విడిపోయి ఉంటాయి. మాట్లాడేటప్పుడు దగ్గరికొస్తాయి. ఊపిరితిత్తుల్లోంచి వచ్చే గాలి వాటిని తోసుకుని బయటికి పోతుంది. అవి సాగి మళ్ళీ మూసుకుంటాయి. ప్రతి అదురుకీ మెదడు విడిగా ఆజ్ఞ పంపుతుందని 1950లో హ్యూసన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వాదించాడు. అది నిజం కాదనీ, గాలి ఒత్తిడీ కండరాల సాగే గుణమూ కలిసి చేసే పని అనీ 1958లో వాన్ డెన్ బెర్గ్ వివరించాడు. గొంతులో పుట్టేది ముడి ధ్వని మాత్రమే. దాన్ని అక్షరాలుగా మలిచేది నోరు, నాలుక, పెదవులు. 1960లో గున్నార్ ఫాంట్ రాసిన పుస్తకం ఈ సంగతిని లెక్కలతో సహా స్థిరపరిచింది.

ఇక ఆడవాళ్ళ సంగతి. స్వరతంత్రుల్లో అదిరే భాగం పొడవు మగవాళ్ళలో సుమారు 16 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళలో సుమారు 10 మిల్లీమీటర్లు. అంటే చిటికెనవేలి గోరంత వెడల్పు. మగవాళ్ళ స్వరతంత్రులు మామూలు మాటలో సెకనుకి సుమారు 120 సార్లు అదిరితే ఆడవాళ్ళవి సుమారు 200 సార్లు అదురుతాయి. ఒక టీచరు రోజంతా చెప్పిన పాఠంలో మధ్యమధ్య ఆగినవీ, ఊపిరి పీల్చినవీ అన్నీ తీసేస్తే నికరంగా ఒక గంట స్వరం పలికిందనుకుందాం. సెకనుకి 200 చొప్పున గంటకి 7,20,000 సార్లు. ఒక్క రోజులో చిటికెనవేలి గోరంత మడతలు రెండూ ఏడు లక్షల ఇరవై వేలసార్లు ఒకదానికొకటి తగులుతాయి. గొంతు పెంచితే ఆ దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది, లెక్క కూడా పెరుగుతుంది. రోకలి పట్టిన చేతికి కాయలు కాసినట్టే స్వరతంత్రులకీ కాయలు కాస్తాయి. డాక్టర్లు నాడ్యూల్స్ అనేది వాటినే. అవి క్యాన్సర్ గడ్డలు కావు. పని చేసిన గుర్తులు.

చేతికి కాసిన కాయల్ని చూసి ఎవరూ 'నువ్వు జాగ్రత్తగా లేవు' అనరు. కష్టజీవి అంటారు. గొంతుకి కాయలు కాస్తే మాత్రం 'అరుస్తావు, అందుకే' అంటారు.

అసలు ఎందుకు అరుస్తాం? చుట్టూ చప్పుడు ఎక్కువైతే మనకి తెలియకుండానే గొంతు పెరుగుతుంది. 1911లో లోంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని గుర్తించాడు. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇది అలవాటు కాదు, స్వభావం కాదు. శరీరం తనంత తాను చేసే పని. తరగతి గదిలో పాఠం జరిగేటప్పుడు బయటినుంచి, ఫ్యాన్లనుంచి వచ్చే చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. ఎదురుగా కూర్చున్న మనిషితో మామూలుగా మాట్లాడే మాటే సుమారు 60 డెసిబెల్స్. రేకుల కప్పు మీద వాన పడే గదిలో, పక్క తరగతి ఎక్కాలు వినబడే వరండాలో, రోడ్డు పక్క అంగన్‌వాడీలో ఆ 35 ఎక్కడిది? అక్కడ 'అరవకండి' అని కాగితం ఇవ్వడం, వానలో నిలబెట్టి తడవకండి అని చెప్పడమే.

ఇది నా ఊహ కాదు. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో నెల్సన్ రాయ్, ఆయన సహచరులు చేసిన సర్వే 2004లో వచ్చింది. 1,243 మంది టీచర్లని, వేరే పనులు చేసే 1,288 మందిని అడిగారు. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిందని టీచర్లలో నూటికి 57.7 మంది చెప్పారు. ఇతరుల్లో 28.8 మంది. అంటే రెట్టింపు. మొత్తం మీద మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఎక్కువ. కారణం ఆడవాళ్ళ మాటకారితనం కాదు. చిన్న తంత్రులు, ఎక్కువ అదుర్లు. దెబ్బని తట్టుకునే హయలురోనిక్ ఆమ్లం అనే పదార్థం ఆడవాళ్ళ స్వరతంత్రుల పైపొరలో తక్కువగా ఉంటుందని కూడా కొన్ని పరిశోధనలు చెప్పాయి. ఆ పైన, చిన్నపిల్లల తరగతులు ఎక్కువగా ఆడవాళ్ళకే అప్పజెప్పే పద్ధతి ఒకటి.

నీళ్ళ సంగతికి వద్దాం. మనం మింగింది ఏదీ స్వరతంత్రులని తాకదు. తాకితే పొలమారుతుంది. మిరియాల పాలైనా, కరక్కాయ రసమైనా, నీళ్ళైనా అన్నవాహికలోకే పోతాయి. నీళ్ళు ఒంటికి పట్టి, రక్తం ద్వారా వచ్చిన తడి వల్లే స్వరతంత్రులు మెత్తగా ఉంటాయి. ఒంట్లో తడి తగ్గితే స్వరం పుట్టించడానికి ఎక్కువ గాలి ఒత్తిడి కావాలని 1990లలో వెర్డోలినీ, టిట్జె మొదలైనవాళ్ళు కొలిచి చూపించారు. అంటే దాహంతో ఉన్న గొంతు అదే పాఠానికి ఎక్కువ కష్టపడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలో మంచినీళ్ళు ఉండాలంది, మగపిల్లలకీ ఆడపిల్లలకీ వేరువేరు మరుగుదొడ్లు ఉండాలంది, ప్రాథమిక పాఠశాలలో 30 మందికి ఒక టీచరు, టీచరుకో గది ఉండాలంది. ఇవన్నీ పిల్లల హక్కులుగా రాశారు, బాగానే ఉంది. అవే టీచరు గొంతుకి మందు కూడా. తలుపు లేని మరుగుదొడ్డి గొంతు జబ్బుకి కారణమవుతుందని నాకు ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. ఆ టీచరు చెప్పింది.

ఇంకో పరిశోధన 2002లో వచ్చింది. అదీ రాయ్ బృందందే. గొంతు సమస్య ఉన్న 44 మంది టీచర్లని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి నడుముకి కట్టుకునే చిన్న మైకు, స్పీకరు ఇచ్చారు. రెండో జట్టుకి నాలాంటివాళ్ళు ఇచ్చే జాగ్రత్తల పాఠం చెప్పారు. మూడో జట్టుకి ఏమీ ఇవ్వలేదు. ఆరు వారాల తర్వాత చూస్తే స్పష్టంగా మెరుగుపడింది మైకు ఇచ్చిన జట్టే. జాగ్రత్తలు మాత్రమే విన్న జట్టులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఇది చదివిన రోజు నాకు సిగ్గేసింది. నేను ఏళ్ళ తరబడి ఇచ్చిన కాగితం ఆ రెండో జట్టు వైద్యమే. జాగ్రత్తలు అక్కర్లేదని కాదు. పని పరిస్థితి మారకుండా అవి మాత్రమే సరిపోవని.

ఇప్పుడు తోపుడుబండి మీద కూరగాయలమ్మే ఆమె కూడా చిన్న స్పీకరు పెట్టుకుని, రికార్డు చేసిన కేక వేయిస్తోంది. తన గొంతు కాపాడుకోవాలని ఆమెకి ఎవరూ పాఠం చెప్పలేదు. అనుభవంతో తెలుసుకుంది. మన బడుల్లో చాక్‌పీసులకి లెక్క ఉంది. మైకుకి లెక్క లేదు.

ఆడవాళ్ళ గొంతు పోతే సమాజం ఏమనుకునేదో కూడా చెప్పుకోవాలి. చాలాకాలం దానికి పెట్టిన పేరు హిస్టీరియా. ఫ్రాయిడ్ 1905లో 'డోరా' అనే మారుపేరుతో రాసిన అమ్మాయికి గొంతు పోతూ ఉండేది. దాన్ని ఆమె మనసులోని కోరికలకి ముడిపెట్టాడు. మాట మధ్యలో గొంతు పట్టేసినట్టు తెగిపోయే ఒక జబ్బు ఉంది, స్పాస్మోడిక్ డిస్ఫోనియా. ఎక్కువగా ఆడవాళ్ళకే వస్తుంది. 1871లో ట్రౌబే అనే జర్మన్ వైద్యుడు దీన్ని వర్ణించిన తర్వాత దాదాపు నూరేళ్ళ పాటు మానసిక జబ్బుగానే చూశారు. ఇప్పుడు అది మెదడు కండరాలని నడిపించే తీరులో వచ్చే లోపమని తెలుసు. 1980లనుంచి గొంతు కండరాల్లోకి ఇంజెక్షన్ ఇచ్చి ఉపశమనం కలిగిస్తున్నారు. ఆ నూరేళ్ళలో ఎంతమంది స్త్రీలు 'నటిస్తోంది' అనిపించుకుని ఉంటారో ఆలోచించండి. మనసుకి దెబ్బ తగిలినప్పుడు గొంతు పోవడం కూడా నిజంగా ఉంది. అలాంటి స్త్రీలు నా దగ్గరకి వస్తారు. అదీ నటన కాదు. ఇంట్లో ఏం జరుగుతోందో మెల్లగా అడగవలసిన సందర్భం అది.

పరిశోధనలో కూడా చాలాకాలం మగగొంతే కొలబద్దగా ఉంది. 1980లలో డెనిస్ క్లాట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త మాట్లాడే యంత్రం చేశాడు. అందులో మగగొంతుకి 'పర్‌ఫెక్ట్ పాల్' అనీ, ఆడగొంతుకి 'బ్యూటిఫుల్ బెట్టీ' అనీ పేర్లు. మగగొంతు లోపం లేనిది, ఆడగొంతు అందమైనది! అయితే ఆ క్లాటే లారా క్లాట్‌తో కలిసి ఆడగొంతులని ప్రత్యేకంగా పరిశీలించాడు. ఆ వ్యాసం ఆయన చనిపోయాక, 1990లో వచ్చింది. ఆడగొంతు మగగొంతుకి పైస్థాయి నకలు కాదనీ, అందులో గాలి కలిసే తీరే వేరనీ ఇలాంటి పరిశోధనల వల్ల స్పష్టమైంది. 1997లో వచ్చిన 30 ప్రశ్నల పత్రం ఒకటి నాకు చాలా ఇష్టం. గొంతు వల్ల నీ పనికి, నీ సంపాదనకి, నీ మనసుకి ఏం నష్టం జరిగిందో రోగినే అడుగుతుంది అది. యంత్రం కొలిచినదాంతో పాటు ఆమె మాటకీ విలువ ఇచ్చింది.

ఇక చట్టం ఏమంటోంది? మన దేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం వృత్తివ్యాధుల జాబితా ఇచ్చింది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అలాంటి జాబితా ఉంది. మోత వల్ల వచ్చే చెవుడు అందులో ఉంది. గొంతు లేదు. ఫ్యాక్టరీ మోతకి చెవి పోతే వృత్తివ్యాధి. క్లాసు గోల మీద అరిచి గొంతు పోతే సొంత వ్యవహారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం వాగ్వైకల్యాన్ని గుర్తించింది, కానీ స్వరపేటిక తీసేయడం, మెదడు దెబ్బతిని మాట పోవడం లాంటి శాశ్వత నష్టాన్నే. కాయలు కాసిన గొంతు అందులోకి రాదు.

ఇది ప్రపంచమంతా ఇలాగే లేదు. పోలండ్‌లో ఏళ్ళ తరబడి గొంతు వాడి తెచ్చుకున్న జబ్బులు వృత్తివ్యాధుల జాబితాలో ఉన్నాయి. బ్రెజిల్‌లో 2018లో ఆరోగ్య మంత్రిత్వ శాఖ 'పని వల్ల వచ్చే స్వర రుగ్మత' అన్న పేరుతోనే మార్గదర్శకాలు విడుదల చేసింది. ఏప్రిల్ 16న జరిపే స్వర దినోత్సవం కూడా 1999లో బ్రెజిల్‌లో మొదలైందే. అక్కడ సాధ్యమైంది ఇక్కడ ఎందుకు కాదు? మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965నుంచి ఉంది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. జ్ఞానం లేక కాదు. అడిగేవాళ్ళు లేక.

అంగన్‌వాడీ కార్యకర్తల పరిస్థితి ఇంకా కష్టం. 1975లో మొదలైన పథకంలో వాళ్ళు ఇప్పటికీ గౌరవ వేతనం మీద పనిచేస్తున్నారు. వాళ్ళకి గ్రాట్యుటీ వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు చెప్పేదాకా ఆ మాత్రం హక్కు కూడా అనుమానమే. ఉద్యోగి కాదన్న మనిషికి ఉద్యోగం వల్ల జబ్బొచ్చిందంటే ఎవరు వింటారు?

అందుకే మనం అడగవలసినవి ఇవి. గొంతు రుగ్మతని వృత్తివ్యాధుల జాబితాలో చేర్చాలి. టీచరు శిక్షణలో గొంతు వాడకం నేర్పాలి. ప్రతి బడికీ చిన్న మైకులు కొనాలి. సిబ్బందికి తలుపూ నీళ్ళూ ఉన్న మరుగుదొడ్డి ఉండాలి. గొంతు పోయిన టీచరుకి కొన్నాళ్ళు జీతం తగ్గకుండా మాట్లాడే అవసరం తక్కువున్న పని ఇవ్వాలి.

మన వంతు జాగ్రత్తలు కూడా రెండు మాటల్లో చెప్తాను. గొంతు బొంగురు మూడు నాలుగు వారాలు దాటితే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి తప్పకుండా చూపించుకోండి. ఎందుకంటే కొన్నిసార్లు అది క్యాన్సర్‌కి, థైరాయిడ్ జబ్బుకి గుర్తు కావచ్చు. గుసగుసగా మాట్లాడటం విశ్రాంతి కాదు, మౌనమే విశ్రాంతి. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు, ఒక గుక్క నీళ్ళు మింగండి. నాడ్యూల్స్‌కి చాలాసార్లు ఆపరేషన్ అవసరం లేకుండా స్వర చికిత్సతోనే తగ్గుతుంది.

నేను మొదట చెప్పిన టీచరు తన డబ్బుతోనే మైకు కొనుక్కుంది. బడి కమిటీలో ఉన్న తల్లులు పట్టుబట్టి మరుగుదొడ్డికి తలుపు పెట్టించారు. ఏడాదికి ఆమె గొంతు చాలావరకు బాగుపడింది. పూర్తిగా కాదు. పిల్లలకి పాటలు నేర్పేటప్పుడు పైస్థాయి ఇప్పటికీ అందదట. "నేను మొదలుపెడతాను మేడమ్, పైకి వాళ్ళే వెళతారు" అంది.

ఇక్కడున్న సంస్థలవాళ్ళకి ఒక విన్నపం. మీరు పనిచేసే స్త్రీలని సర్వే చేసేటప్పుడు నడుం నొప్పి అడుగుతారు, రక్తహీనత అడుగుతారు. ఆ కాగితంలో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. 'పని రోజుల్లో సాయంత్రానికి మీ గొంతు ఎలా ఉంటుంది?' 'పనిచేసే చోట నీళ్ళు తాగగలుగుతున్నారా?' ఆ జవాబులు పోగుచేసి తీసుకురండి. ప్రభుత్వం ముందు పెట్టడానికి మన రాష్ట్రాల లెక్క మన దగ్గర ఉండాలి. ఆ లెక్క కట్టే పనిలో నేను మీతో ఉంటాను.